గట్టుమీద ప్రార్థన: సేద్యపరచుట, కాచుట అను రెండు మాటలను గూర్చి కొల్లేటి ఒడ్డున ఒక పరిశీలన

డెల్టా ప్రాంతములో సేవ చేయుచున్న కాపరులకు ఈ సందర్భము కొత్తది కాదు. చెరువు తవ్వకము పూర్తయి, నీరు పెట్టి, చేపపిల్లను వదిలే రోజున విశ్వాసులైన రైతులు అయ్యగారిని గట్టుమీదికి పిలుచుకొంటారు. ఒక పాట పాడి, వాక్యము చదివి, నీటి వైపు చెయ్యి చాచి ప్రార్థన చేస్తాము. తరువాత చేపపిల్ల నీటిలోకి దిగుతుంది, కానుక కవరు మన చేతికి వస్తుంది. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. పొలము దున్నే ముందు, ఇల్లు కట్టే ముందు, పడవను నీటిలో దించే ముందు దేవుని పేరు తలచుకొనుట మన సంఘములలో తరతరాలుగా వచ్చుచున్న మంచి అలవాటు.

2003లో నేను అటువంటి ప్రార్థన ఒకటి చేశాను. ఆ చెరువు కొల్లేటి సరస్సు ఒడ్డున కాదు, సరస్సులోనే ఉన్నది. చుట్టూ ఎత్తుగా కొత్త గట్టు, లోపల నీరు, బయట కిక్కిస. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయములోని ఆశీర్వాదములను చదివి, గంపను గూర్చిన వాగ్దానమును చేపల బుట్టకు అన్వయించి పది నిమిషాలు మాట్లాడాను. ఆ ఆశీర్వాదములకు ముందు ఒక షరతు ఉన్నదను సంగతి ఆ రోజు నేను ఎత్తలేదు.

తిరిగి వచ్చుచుండగా కాలువలో దోనె మీద నిలబడియున్న ఒక ముసలాయన నన్ను ఆపాడు. మా సంఘస్థుడు కాడు. తరతరాలుగా కొల్లేటిలో చేపలు పట్టుకొని బ్రదికే వడ్డి కుటుంబమునకు చెందినవాడు. "అయ్యగారండీ, ఇప్పుడు మీరు ప్రార్థన చేసిన నీళ్లలో నిరుటిదాకా మా మావులు ఉండేయండి. మా గురించి కూడా దేవుడికి ఏమన్నా చెప్పారాండి?" అని అడిగాడు. ఎగతాళిగా అడగలేదు. నిజముగానే తెలుసుకొనగోరి అడిగాడు.

నేను చెప్పలేదు. కనీసము ఆ నీటిలో మరొకరి మావులు ఉండేవని కూడా నాకు తెలియదు. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని పరిశుద్ధ గ్రంథమును మరల చదువగా నాకు దొరికినదానిని తోటి కాపరుల యెదుట, వేదాంత విద్యార్థుల యెదుట ఉంచుటకే ఈ వ్యాసము.

సరస్సుకు ఏమి జరిగినది?

విద్యార్థులలో అనేకులు కొల్లేటిని చూచియుండరు గనుక నాలుగు మాటలు చెప్పవలసియున్నది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లములో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. లోతు తక్కువ, విస్తీర్ణము ఎక్కువ. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులును, పొలాల మీదుగా వచ్చే అనేకమైన మురుగు కాలువలును ఇందులో కలుస్తాయి. సముద్రమునకు పోవు దారి ఒక్కటే, ఉప్పుటేరు. వానకాలములో వరద నీరు ఇక్కడికి వచ్చి పరచుకొని, నెమ్మదించి, తరువాత మెల్లగా సముద్రము చేరుతుంది. పరచుకొనుటకు చోటు ఉన్నంతకాలము పై ఊళ్లకు అది రక్ష. వేసవిలో సరస్సు మట్టము బాగా తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. కాబట్టి ఈ సరస్సు కేవలము నీటి గుంట కాదు, రెండు డెల్టాలకు ఊపిరితిత్తి వంటిది.

1970ల మధ్యలో మత్స్యకారుల సహకార సంఘములకు మేలు చేయు ఉద్దేశముతో ప్రభుత్వమే సరస్సులో చేపల చెరువులను ప్రోత్సహించినది. తరువాత ఆ చెరువులు లీజుల రూపములో పెట్టుబడి ఉన్నవారి చేతికి పోయినవి. చూచినవారు తామును గట్లు వేశారు. కొర్రమేను, మట్టగిడస, జెల్ల, వాలుగ అందరివిగా తిరిగిన నీటిలో బొచ్చె, శీలావతి కొందరివిగా పెరుగసాగినవి. చెరువులలో వేసిన ఎరువులు, కోళ్ల పెంట, మందులు చివరికి సరస్సు నీటిలోనే కలిసినవి. 1999లో సముద్ర మట్టమునకు 5 అడుగుల ఎత్తు వరకు, అంటే మనవారు వాడుకలో ఐదో కాంటూరు అనే పరిధి వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వము వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలల జాబితాలోను కొల్లేరు చేరినది. నేను 2003లో గట్టుమీద నిలబడినప్పుడు ఈ రెండును జరిగిపోయియున్నవి. అంటే చట్టము వద్దన్న చోట నిలబడి దేవుని దీవెన అడిగాను.

2006లో సుప్రీంకోర్టు ఆదేశముల మేరకు ఆపరేషన్ కొల్లేరు జరిగినది. గట్లను యంత్రాలతోను, పేలుడు పదార్థాలతోను తెగగొట్టారు. నేను ప్రార్థన చేసిన చెరువు కూడా పోయినది. ఆ కుటుంబము అప్పులలో మునిగినది. తరువాతి ఆదివారము నేను యోబు గ్రంథము మీద ప్రసంగించాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వాక్యభాగమును ఎన్నుకొనుట సరికాదు. యోబు పోగొట్టుకొన్నవి యోబువి.

ఏలుట, లోపరచుకొనుట

లిన్ వైట్ అను అమెరికా చరిత్రకారుడు 1967లో ప్రచురించిన ఒక చిన్న వ్యాసము మన సెమినరీ తరగతులలో తరచుగా చర్చకు వస్తుంది. పాశ్చాత్య క్రైస్తవ్యము మానవుని సృష్టికి యజమానిగా కూర్చుండబెట్టుటయే నేటి పర్యావరణ సంక్షోభమునకు మూలకారణములలో ఒకటి అని ఆయన వాదన. ఆది. 1:28ని ఎందరో ఆ విధముగా వాడుకొన్న మాట నిజమే గనుక ఆయనను తొందరపడి త్రోసివేయరాదు. అయితే ఆ వచనము నిజముగా అంత మాట అన్నదా అని మూలభాషలో చూడవలెను.

"ఏలుడి" అని మన తెలుగు బైబిలులో ఉన్నచోట హెబ్రీలో రాదా అను క్రియ ఉన్నది. ఇది రాజులను గూర్చి వాడబడు మాట. కీర్తన 72:8లో రాజు ఏలును అన్నప్పుడు ఇదే మాట. ఆ రాజు చేయు పని ఏమిటని అదే కీర్తన చదివితే, మొరపెట్టు దరిద్రులను విడిపించుట అని కనబడుతుంది. లేవీ. 25:43లో ఇదే క్రియను వాడి, కూలికి వచ్చిన సహోదరుని కఠినముగా ఏలకూడదని ధర్మశాస్త్రము హద్దు పెట్టినది. యెహె. 34:4లో ఇశ్రాయేలు కాపరులు మందను బలాత్కారముతో ఏలినందుకు దేవుడు వారి మీద నేరము మోపినప్పుడు కూడా ఇదే మాట. అనగా రాదా అను మాటలో అధికారము ఉన్నది, దానితోబాటే ఆ అధికారమునకు లెక్క అప్పగించు దినమును ఉన్నది.

"లోపరచుకొనుడి" అను మాటకు కాబష్ మూలము. ఇది ఇంకా కఠినమైన మాట, దానిని మెత్తబరచుటకు నేను ప్రయత్నించను. యెహో. 18:1లో దేశము స్వాధీనమగుటను గూర్చియు, యిర్మీ. 34:11లో విడిపించిన దాసులను మరల దాసత్వములోనికి లాగుటను గూర్చియు ఇదే వాడబడినది. యిర్మీయా చోట దానిని దేవుడు ఖండించుచున్నాడు. ముండ్లు, అడవి, వరద, క్రూరమృగముల నడుమ బ్రదికిన ప్రజలకు నేలను లొంగదీయుట ఒక అవసరము. డెల్టా ప్రజలమైన మనకు అది బాగా తెలుసు. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరము ఆనకట్ట లేకపోతే మన తాతలు కరవులకు రాలిపోయి ఉండేవారు. దానిని కట్టించిన ఆర్థర్ కాటన్ భక్తిపరుడైన క్రైస్తవుడు. నదిని లోపరచుట ఆయనకు ఆకలిగొన్నవారికి చేసిన సేవ. కాబట్టి గట్టు వేయుటయే పాపమని ఎవరును అనలేరు. ఆ గట్టు ఎవరి కొరకు, ఎవరి నీటిని ఆపి వేయబడుచున్నది అనునదే ప్రశ్న.

తోటలో పెట్టిన రెండు పనులు

ఈ ప్రశ్నకు సమాధానము ఆదికాండము మొదటి అధ్యాయములో కంటె రెండవ అధ్యాయములో స్పష్టముగా ఉన్నది. ఆది. 2:15 ప్రకారము నరుడు తోటలో ఉంచబడినది రెండు పనుల నిమిత్తము, సేద్యపరచుట, కాచుట. హెబ్రీలో ఆబద్, షామర్.

ఆబద్ అనగా పని చేయుట, సేవ చేయుట. యెహోషువ 24వ అధ్యాయములో మీరెవరిని సేవించెదరో కోరుకొనుడని ప్రజలను అడిగినప్పుడు వాడబడిన మాట ఇదే. షామర్ అనగా కావలి కాయుట, కనిపెట్టుకొని చూచుట, ఆజ్ఞలను గైకొనుట. ఈ రెండును జంటగా వచ్చు మరియొక ముఖ్యమైన చోటు సంఖ్యాకాండము 3:7-8. అక్కడ లేవీయులు ప్రత్యక్ష గుడారమును కాపాడవలెను, దాని సేవ చేయవలెను. సేద్యగాని పనికిని యాజకుని పనికిని ఒకే జంట క్రియలు వాడబడుట యాదృచ్ఛికమని కొందరు పండితులు అంటారు. ఏదెనును ఒక పరిశుద్ధ స్థలముగా గ్రంథకర్త చూచుచున్నాడని మరికొందరు అంటారు. నాకు రెండవదే సబబుగా తోచుచున్నది. ఆది. 3:24లో నరుడు వెళ్లగొట్టబడిన తరువాత జీవవృక్షమునకు పోవు మార్గమును కాచుటకు కెరూబులు నిలువబడిరి. అక్కడను షామర్ అనే మాటే. నరుడు చేయక విడిచిన కావలి కెరూబులకు అప్పగింపబడినది.

ఇక్కడ గమనించవలసినదేమనగా, ఈ రెండు పనులలో మొదటిదాని ఫలము సేద్యగాడు తింటాడు. రెండవదాని ఫలము వెంటనే కనబడదు. సేద్యము చేసినవానికి పంట వస్తుంది, కాచినవానికి ఏమి వస్తుంది? అందుచేత మొదటిది చేసి రెండవదానిని వదలివేయు శోధన ఆదినుండి ఉన్నది. ఆ శోధనకు లొంగిన మొదటివాడు ఎవరో బైబిలే చూపుచున్నది.

కయీను వృత్తి

ఆది. 4:2లో కయీను భూమిని సేద్యపరచువాడు అని ఉన్నది. అదే ఆబద్. తన తండ్రికి అప్పగింపబడిన రెండు పనులలో ఒకదానిని కయీను శ్రద్ధగా చేశాడు, పంటలోనుండి అర్పణము కూడా తెచ్చాడు. నీ తమ్ముడెక్కడ అని దేవుడు అడిగినప్పుడు, నేను వానికి కావలివాడనా అని ఎదురడిగాడు. ఆ కావలి అను మాట షామర్ నుండి వచ్చినది (4:9). నేను సేద్యగాడనే గాని కావలివాడను కానని అతడు చెప్పుచున్నాడు. ఏదెనులో దేవుడు జతచేసిన రెండు మాటలను కయీను విడదీశాడు.

దాని తరువాత మాట్లాడినది నేల. తమ్ముని రక్తము నేలలోనుండి మొరపెట్టినది. నీవు నేలను సేద్యపరచినప్పుడు అది తన సారమును ఇక నీకియ్యదు అని శిక్ష పడినది (4:10-12). మనము ఈ కథను సహోదర ప్రేమను గూర్చిన పాఠముగానే చెబుతాము. అది నిజమే గాని సగము నిజము. సహోదరుని కాయుట, నేలను కాయుట అను రెండును ఈ వాక్యభాగములో ఒకే పని. ఒకటి తెగితే రెండవది తెగుతుంది.

దోనెలోనున్న ముసలాయన నన్ను అడిగిన ప్రశ్న దేవుడు కయీనును అడిగిన ప్రశ్నయేనని నాకు అర్థమగుటకు చాలా ఏండ్లు పట్టినది. ఆ చెరువు రైతు దుర్మార్గుడు కాడు. నమ్మకముగా దశమభాగము ఇచ్చినవాడు, మందిరమునకు పైకప్పు వేయించినవాడు. కయీను కూడా అర్పణము తెచ్చినవాడే. ఆ అర్పణమును అందుకొని, తమ్ముడెక్కడ అని అడుగని యాజకుని స్థానములో నేను నిలబడ్డాను.

ప్రవక్తలు ఈ బంధమును మరువలేదు. హోషే. 4:1-3లో దేశములో సత్యము, కనికరము, దేవుని గూర్చిన జ్ఞానము లేకపోవుట చేత పశువులు, పక్షులు, చివరకు సముద్ర మత్స్యములు కూడా గతించిపోవుచున్నవని ప్రవక్త దుఃఖించుచున్నాడు. మనుష్యుల అబద్ధములకు చేపలు చనిపోవుట ఒకప్పుడు నాకు కవిత్వపు అతిశయోక్తిగా తోచేది. కొల్లేటిని చూచిన తరువాత అది వార్తగా తోచుచున్నది. యెహె. 34:18-19లో బలిసిన గొఱ్ఱెలు తేటనీరు త్రాగి మిగిలినదానిని కాళ్లతో కలకచేస్తే బలహీనమైనవి ఆ బురదనే త్రాగవలసి వచ్చినదని ఉన్నది. సరస్సు గట్టున కాపరత్వము చేయువారు ఈ రెండు వచనములను ఏడాదికొకసారియైనను ప్రసంగింపవలెనని నా మనవి.

కర్తవ్యము ఎవరి యెడల?

ఇక్కడ తత్వశాస్త్రము చదివిన విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు. నీటి యెడల, పక్షుల యెడల మనకు నిజముగా కర్తవ్యము ఉన్నదా, లేక వాటివలన మనుష్యులకు కలుగు మేలుకీడుల విషయమైనదేనా? ఇమ్మానుయేల్ కాంట్ 1797లో ప్రచురించిన నీతిశాస్త్ర గ్రంథములో రెండవ పక్షమునే పట్టాడు. జంతువులను హింసించరాదు, అందమైన ప్రకృతిని పాడుచేయరాదు, ఎందుకనగా అట్లు చేయుట మనలోని నైతిక స్వభావమును మొద్దుబరచును. అది వాటి యెడల కర్తవ్యము కాదు, మన యెడల మనకున్నదే అని ఆయన అభిప్రాయము. ఇరువదవ శతాబ్దములో ఆల్డో లియోపోల్డ్ (1949) మనుష్యుడు నేలకు ప్రభువు కాడు, ఆ సమాజములో ఒక సభ్యుడు మాత్రమే అని వాదించాడు. హాన్స్ జోనాస్ (1979) ఇంకను పుట్టని తరముల యెడల మనకున్న బాధ్యతను ముందుకు తెచ్చాడు.

వీరిలో ఎవరిని త్రోసివేయను. అయితే క్రైస్తవునికి ఈ ప్రశ్న వేరే విధముగా మొదలవుతుంది. భూమి యెహోవాది. నోవహుతో చేసిన నిబంధన అతనితో మాత్రమే కాక సమస్త జీవరాసులతో చేయబడినది (ఆది. 9:8-17). లేవీయకాండము 25 ప్రకారము ఏడవ ఏట విశ్రమించునది రైతు మాత్రమే కాదు, దేశము. ఆ విశ్రాంతి దేశము యొక్క హక్కుగా లెక్కింపబడి, ఇయ్యకుండ ఎగవేసిన విశ్రాంతి ఏండ్లు చెర కాలములో తీర్చబడినవని 2 దిన. 36:21 చెప్పుచున్నది. కాబట్టి మన కర్తవ్యము నేరుగా దేవుని యెడలనే. నేల, నీరు, పొరుగువాడు, పుట్టబోవు బిడ్డ, వీరందరును ఆ ఒక్క కర్తవ్యము లోపల తమ తమ స్థానములలో నిలుచుచున్నారు. జాన్ కాల్విన్ ఆది. 2:15కు వ్రాసిన వ్యాఖ్యానములో, పొలము కలిగినవాడు దానిని తనకు వచ్చిన స్థితిలోనైనను, అంతకంటె మెరుగుగానైనను తరువాతివారికి అప్పగింపవలెనని 16వ శతాబ్దములోనే వ్రాశాడు. మన సుప్రీంకోర్టు కూడా 1996లో కమల్‌నాథ్ కేసులో నదులు, అడవులు వంటివి ప్రజల కొరకు ప్రభుత్వము చేతిలో ఉంచబడిన ధర్మనిధి అని తీర్పు చెప్పినది. గృహనిర్వాహకుడు అను సువార్త మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో న్యాయమూర్తులు ఎరిగియుండరు గాని మనము ఎరుగవలెను.

ఇదే సందర్భములో 2006ను గూర్చి నిజాయితీగా ఒక మాట చెప్పవలెను. గట్లు తెగిన రోజున ఎక్కువగా నష్టపోయినవారు గట్లు వేసిన పెద్దలు కారు. వారిలో కొందరు పెట్టుబడిని ముందే రాబట్టుకొన్నారు. చెరువుల మీద వలలు లాగినవారు, మేత చల్లినవారు, ఐసు పెట్టెలలో చేపలు సర్ది కలకత్తా లారీలకు ఎక్కించినవారు, చిన్న చెరువులో అప్పుచేసి వాటా పెట్టినవారు పని పోగొట్టుకొన్నారు. మా సంఘములో అధికభాగము వారే. చెరువుల కాలములో వారికి దినకూలి దొరికినది, సరస్సు కాలములో వారి తాతలకు వేట దొరికినది. 2006లో రెండును లేవు. ఐదో కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్న చిన్న రైతులు తమ భూమి తమది కాదన్న మాటతో మిగిలారు. ప్రకృతిని కాచు పేరుతో తమ్ముని కాయుట మానివేసినచో కయీను చేసిన విభజననే తలక్రిందులుగా చేసినట్లు. అభయారణ్యమును వ్యతిరేకించుటకు ఈ మాట చెప్పుట లేదు. పెలికనులు తిరిగి ఆటపాకకు వచ్చుట చూచి సంతోషించువాడనే. అయితే షామర్ అను మాట పక్షిని, కూలివానిని వేరువేరు పద్దులలో వ్రాయదు.

"అంతా కాలిపోవును గదా"

సంఘములలో ఈ బోధ చేసినప్పుడు తప్పక ఎదురగు అభ్యంతరము ఇది. రెండవ రాకడలో భూమియు దానిమీదనున్న కృత్యములును కాలిపోవుననియున్నది గదా (2 పేతురు 3:10), కాలిపోవు ఇంటికి సున్నము వేయుట ఎందుకు అని పెద్దలు అడుగుతారు. ఒక ఉజ్జీవ కూటములో ఒక బోధకుడు ఈ మాటను ఎంత ఉత్సాహముగా చెప్పాడంటే, విన్నవారు అగ్గిపెట్టె తీయలేదు గాని తక్కినదంతా చేశారు.

రెండు సంగతులు చెప్పవలెను. మొదటిది మూలప్రతులను గూర్చినది. సీనాయి ప్రతి, వాటికను ప్రతి వంటి ప్రాచీనమైన గ్రీకు ప్రతులలో ఈ వచనము చివర కాలిపోవును అను అర్థమిచ్చు క్రియ లేదు. దాని స్థానములో కనుగొనబడును అను అర్థమిచ్చు క్రియ ఉన్నది. అనగా భూమియు దానిమీద జరిగిన పనులును దేవుని యెదుట బయలుపడును. ఇది కష్టమైన పాఠమే గాని విమర్శకులలో అనేకులు దానినే ప్రామాణికముగా తీసికొనుచున్నారు. రెండవది సందర్భమును గూర్చినది. అదే అధ్యాయము 6వ వచనములో నోవహు కాలపు లోకము నీళ్లలో నశించెనని ఉన్నది. అయితే నశించినది దుష్టత్వముతో నిండిన వ్యవస్థ, నేల మిగిలినది. ఆ నేలమీదనే నోవహు బలిపీఠము కట్టాడు. పేతురు ఈ మాటలన్నియు చెప్పి, మీరు ఎట్టివారై ఉండవలెను అని 11వ వచనములో అడుగుచున్నాడు. మీకు బాధ్యత లేదు అని ఎక్కడను చెప్పలేదు. రోమా. 8:19-22లో మూలుగుచున్న సృష్టి నిరీక్షించునది నాశనమును కాదు, విడుదలను. కొలస్స. 1:20లో సిలువ రక్తముచేత సంధి చేయబడినవి సమస్తమును.

కృపచేత రక్షింపబడిన మనకు ఇది మరల క్రియల బోధ కాదా అని లూథరను సంఘములోనుండి వచ్చిన ఒక విద్యార్థి నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. ఆదాము పాపము చేయక మునుపే తోటలో ఈ పని పొందాడని అతనికి చెప్పాను. ఇది రక్షణకు వెల కాదు, శిక్షయు కాదు, మనము ఎవరమో దాని నిర్వచనము. అదామా అను నేలనుండి తీయబడినందున అతనికి ఆదాము అని పేరు. విశ్వాసము మనలను నేలనుండి పైకి ఎత్తి పట్టుకొనదు, మన చోట మనలను మరల నిలువబెట్టుతుంది.

సంఘములో ఇది ఎట్లు జరిగినది

2008 ప్రాంతమునుండి మా పాస్టరేటులో ఒక అలవాటు పెట్టుకొన్నాము. చెరువు ప్రార్థనకు పిలిచినవారిని ముందుగా కొన్ని మాటలు అడుగుతాము. చెరువు కాంటూరుకు లోపలా, బయటా? భూమి ఎవరి పేర ఉన్నది? ఖాళీ చేయునప్పుడు నీరు ఎటు పోతుంది? వల లాగువారికి కూలి ఎంత? మొదట్లో ఇది పాస్టరు పనా, తహశీల్దారు పనా అని కమిటీలోనే వాదన జరిగినది. నాబోతు ద్రాక్షతోట విషయములో ఏలీయా చేసినది ఏ శాఖవారి పని అని ఒక ముసలి సంఘపెద్ద అడిగిన తరువాత వాదన ఆగినది.

ఒకసారి సరస్సు లోపలి చెరువు మీద ప్రార్థన చేయలేనని చెప్పవలసి వచ్చినది. చేతులు జోడించే చెప్పాను. మీ యింటికి వచ్చి మీ బిడ్డల కొరకు ప్రార్థిస్తాను, ఆ గట్టు మీద మాత్రము చేయలేను అన్నాను. ఆ కుటుంబము మరునెలలో వేరొక సంఘమునకు వెళ్లిపోయినది. అక్కడి సేవకుడు గట్టు మీద ప్రార్థన చేశాడని, నాకంటె బాగా చేశాడని కూడా విన్నాను. వారితో పోయిన దశమభాగము వలన మా వేసవి బైబిలు పాఠశాల రెండేండ్లు జరుగలేదు. యువ కాపరులారా, ఈ బోధకు వెల లేదని మీతో చెప్పి మిమ్మును మోసము చేయలేను. వెళ్లినవారిని తీర్పు తీర్చుటకు కూడా నాకు ధైర్యము లేదు. 2003లో నేను చేసినదానికంటె ఆ సేవకుడు వేరుగా ఏమీ చేయలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు దేశమంతయు ఆ దృశ్యములను చూచినది. ఆ నీరు దిగువకు వచ్చి కొల్లేటి లంక గ్రామాలను ముంచుట తక్కువమంది చూచారు. బెజవాడలో నీరు తీసిన తరువాత కూడా ఇక్కడ రోడ్లు నీటి క్రిందనే ఉన్నవి. పరచుకొనుటకు చోటు తగ్గిన నీరు ఉప్పుటేరు వైపు మెల్లగా వెదకుకొంటూ పోయినది. మందిరము మెట్లమీద వండి పడవలలో పంపిన అన్నము వడ్డి పేటకు, మాల పేటకు, గట్లు వేసిన పెద్దల వీధికి ఒకే విధముగా పోయినది. దోనెలోని ముసలాయన అప్పటికి లేడు. ఆయన మనుమడు మా పడవకు దారి చూపించాడు. ఏ గట్టు ఎక్కడ నీటిలో దాగియున్నదో అతనికి తెలిసినంత మరెవరికిని తెలియదు.

2025లో ఒక రైతు చెరువు ప్రార్థనకు పిలిచాడు. కాంటూరుకు బయట, తన పట్టా భూమిలోనే. మా ప్రశ్నలన్నిటికి సరియైన జవాబులే చెప్పాడు, ఒక్కదానికి తప్ప. పక్కనున్న వరి చేనుకు చెరువు ఊట దిగుచున్నదని, ఆ చేను కౌలుదారునితో మాటలు లేవని ఒప్పుకొన్నాడు. గట్టు మీద కాక ఆ చేనును ఆనుకొనియున్న తూము దగ్గర నిలబడి ప్రార్థన చేద్దాము, అతనిని కూడా పిలువండి అన్నాను. కొంత సేపు తటపటాయించి ఫోను చేశాడు. అతడు వచ్చి అవతలి గట్టునే నిలబడ్డాడు. నేను ఇద్దరి పేర్లు చెప్పి, చెరువు కొరకు, చేను కొరకు, సరస్సు కొరకు ప్రార్థించాను. ఆమేన్ అన్న తరువాత ఊట బోదె ఎంత లోతు తవ్వవలెనో, ఖర్చు ఎవరు పెట్టుకోవలెనో వారిద్దరును అవతలికి ఇవతలికి కేకలు వేసుకొని మాట్లాడుకొనుచుండగా నేను బండి తీశాను.